లాగిన్ ఉంటే చూసేయొచ్చా?

పేషెంట్ల వివరాల గోప్యత మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాను. పంపారు, సంతోషం. కానీ చాలా ఉత్తరాల్లో పేషెంటు పేరు, వయసు, వార్డు, జబ్బు, చూస్తున్న డాక్టరు పేరు అన్నీ ఉన్నాయి! ఒకాయనైతే కేస్ షీటు మొదటి పేజీ ఫొటో తీసి జతచేశారు, ‘మీకు బాగా అర్థమవుతుందని’ అట. గోప్యత ఎలా కాపాడాలని అడుగుతూ రాసిన ఉత్తరమే అది. ఆ ఫొటో చెరిపేశాను, మిగతా వివరాలు కొట్టేశాను, మీ పేర్లూ వేయడం లేదు. మెడికల్ రికార్డ్స్ సెక్షన్లో పనిచేసి రిటైరైనదాన్ని, ఆ చాదస్తం పోదు.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సుని. మా పక్కింటావిడ మా ఆస్పత్రిలోనే వేరే వార్డులో చేరారు. ఎలా ఉన్నారోనని మా వార్డు కంప్యూటర్లో ఆవిడ రిపోర్టులు తెరిచి చూశాను. ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు. వారం తిరక్కుండా ‘ఈ ఫైలు మీరెందుకు తెరిచారు’ అని మెమో వచ్చింది. మంచి మనసుతో చూసినా తప్పేనా మేడం?

జవాబు: తప్పేనమ్మా. మీ మనసు మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ మెమో వచ్చింది మనసుకి కాదు, చేసిన పనికి.

మీ లాగిన్‌తో వేరే వార్డు పేషెంటు ఫైలు ఎందుకు తెరుచుకుంది? అది సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ల పొరపాటు కాదు. అర్ధరాత్రి ఒక పేషెంటుని హఠాత్తుగా మీ వార్డుకి మార్చినప్పుడో, గుండె ఆగిపోయిందని పక్క వార్డు వాళ్లు పరిగెత్తుకొచ్చినప్పుడో ‘మీకు అనుమతి లేదు’ అని కంప్యూటర్ మొరాయిస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకని చాలా ఆస్పత్రుల్లో తలుపు బార్లా తీసి ఉంచి, ఎవరు ఎప్పుడు లోపలికెళ్లారో రాసి పెట్టుకుంటారు. దాన్నే ఆడిట్ లాగ్ అంటారు. మీ యూజర్ ఐడీ, తేదీ, గంట, నిమిషం, ఏ కంప్యూటరు, ఏ స్క్రీను, ప్రింటు తీశారా లేదా, అన్నీ అందులో పడతాయి. ల్యాబ్ రిపోర్టు చూసి ఊరుకున్నారా, డాక్టరు రాసిన నోట్సు దాకా వెళ్లారా అన్నదీ తెలుస్తుంది. ఇదివరకు ఎవరైనా ఫిర్యాదు చేస్తే తప్ప ఆ లాగ్ జోలికి పోయేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ పనికి ప్రోగ్రాములే ఉన్నాయి. ఫైలు తెరిచినవాళ్ల ఇంటిపేరూ పేషెంటు ఇంటిపేరూ ఒకటేనా, ఇద్దరి చిరునామా ఒకే వీధిలో ఉందా, పేషెంటు ఈ ఆస్పత్రి ఉద్యోగేనా, పేరున్న మనిషా, తెరిచిన నర్సు వార్డుకీ ఆ పేషెంటుకీ అసలు సంబంధం ఉందా అని అవే వెతుకుతాయి. మీరు దొరికింది బహుశా ఆ వీధి పేరు దగ్గరే.

‘ఎవరికీ చెప్పలేదు’ అన్నారు. సరే. ఆవిడ డిశ్చార్జై ఇంటికొస్తారు. గేటు దగ్గర కనిపించి ‘ఏముందమ్మా, కాస్త నీరసం, సెలైన్లు ఎక్కించి పంపారు’ అంటారు. చేసింది బయాప్సీ అని మీకు తెలుసు. మీరు నోరు మెదపరు, ముఖం మాత్రం ఊరుకోదు. తన జబ్బు సంగతి ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో తేల్చుకోవడం ఆవిడ ఇష్టం. ఆ ఇష్టాన్ని ఆవిడకి తెలియకుండానే మీరు తీసేసుకున్నారు. నష్టం జరిగింది అక్కడే, బయటికి చెప్పడం చెప్పకపోవడం దాని తర్వాతి మాట.

లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ ఆస్పత్రి సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలిసిందే. నటి ఫారా ఫాసెట్ అక్కడ క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటుంటే ఆమె వివరాలు ఒక పత్రికలో వచ్చేవి. అమ్ముతున్నది లోపలి ఉద్యోగే అని ఆఖరికి తేలింది. అది డబ్బు కోసం చేసిన పని, సరే. కానీ పేరున్న పేషెంట్ల ఫైళ్లని పనేమీ లేకుండా పదే పదే తెరిచి చూసిన ఉద్యోగులు ఇంకా ఉన్నారని విచారణలో బయటపడింది. 2011లో ఆ ఆస్పత్రి అమెరికా ప్రభుత్వంతో రాజీకొచ్చి 8,65,500 డాలర్లు కట్టింది.

మెమోకి ఉన్నదున్నట్టు జవాబు రాయండి. ‘నా లాగిన్ ఎవరో వాడారు’ అని మాత్రం రాయకండి. నేను చూసినంతవరకు ఆ మాట రాసినవాళ్లకే ఎక్కువ చివాట్లు పడ్డాయి, పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వడం రెండో తప్పు కదా. పక్కింటావిడ ఎలా ఉన్నారో తెలుసుకోవాలనుంటే డ్యూటీ దిగాక, యూనిఫాం మార్చుకుని, చూడ్డానికి వచ్చేవాళ్ల వేళల్లో వెళ్లి పలకరించండి.

ప్రశ్న: నా సొంత రిపోర్టు నా లాగిన్‌తో చూసుకోవచ్చా? అది నాదే కదా!

జవాబు: రిపోర్టు మీది, లాగిన్ ఉద్యోగానిది. చాలాచోట్ల కుదరదనే అంటారు. రికార్డ్స్ సెక్షన్లో అర్జీ పెట్టి అందరిలాగే తీసుకోండి. మీ భర్తదీ పిల్లలదీ కూడా అంతే.

ప్రశ్న: మా యూనిట్‌కి వాట్సాప్ గ్రూపు ఉంది. ఎక్స్‌రేలు, ఈసీజీలు, కేస్ షీటు ఫొటోలు అందులోనే పెడతాం. రాత్రి డ్యూటీలో సీనియర్ సలహా నిమిషాల్లో వస్తుంది. ఇది కూడా మానేయాలా? పేరు చెరిపేసి పెడితే సరిపోదా? — ఒక పీజీ డాక్టరు

జవాబు: సలహా అడగడం మానేయమని ఎవరూ అనరు డాక్టరు గారూ. వైద్యం చేసేవాళ్ల మధ్య వైద్యం కోసం వివరం నడిస్తే గోప్యతకేమీ భంగం లేదు. సలహా వచ్చి, పేషెంటు గట్టెక్కి, ఇంటికి వెళ్లిపోయాక ఆ ఫొటో ఎక్కడుంటుందన్నదే నా బెంగ.

వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందని మీరంతా ధీమాగా ఉంటారు. అది దారిలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది, చేరాక కాదు. గ్రూపులో ఉన్న ప్రతి ఫోన్ గ్యాలరీలోనూ ఆ ఎక్స్‌రే పడుతుంది, ఇంట్లో తీసుకున్న ఫొటోల మధ్య. రాత్రికి బ్యాకప్‌లో చేరుతుంది. ఫోన్ ఇంట్లో పిల్లలు తీసుకుంటారు, పాడైతే రిపేరుకిస్తారు, పాతబడితే అమ్మేస్తారు. ఇంకో పని చేయండి, మీ గ్రూపు మెంబర్ల జాబితా ఒకసారి పైనుంచి కిందికి చదవండి. ఎప్పుడో కోర్సు అయిపోయి వెళ్లిపోయిన సీనియర్లు అందులోనే ఉంటారు. పేరు లేకుండా నంబరు మాత్రమే కనపడేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్లెవరో అడ్మిన్‌కీ గుర్తుండదు.

ఇక పేరు చెరపడం. ఒక సీటీ ఫిల్మ్ తీసుకుని వెలుతురుకి పెట్టి మూలలు చూడండి. ఒక మూల పేరు, వయసు, ఐడీ నంబరు, ఇంకో మూల తేదీ, సమయం, సెంటరు పేరు. పేరొక్కటి చెరిపితే ఐడీ మిగులుతుంది, ఆ ఐడీతో మీ సిస్టంలో ఎవరైనా క్షణంలో ఫైలు తీస్తారు. పైగా ఆ చెరపడమైనా ఫోన్లో మార్కర్‌తో నల్లగా గీసి చేస్తారు. కొన్ని ఫోన్లలో ఆ మార్కర్ పూర్తిగా నలుపు కాదు, పలచటి పొర. బ్రైట్‌నెస్ పెంచితే కింద పేరు తేలిపోతుంది. గీయడం మానేసి ఆ భాగాన్నే కత్తిరించి పడేయండి. ఫొటో తీసేటప్పుడు వెనక ఏముందో కూడా చూడండి. ఈసీజీ కాగితం కింద కేస్ షీటు అట్ట, మంచం దగ్గర తగిలించిన బోర్డు, పక్క మంచం పేషెంటు ముఖం, ఇలాంటివన్నీ ఫొటోలో కూర్చుంటాయి.

పేషెంట్ల వివరాల విషయంలో అమెరికా ఆస్పత్రులు పాటించే హిప్పా చట్టం 1996 నాటిది. ఆ చట్టం కింద వచ్చిన నియమాల్లో, రికార్డులో మనిషి ఎవరో తెలియకూడదంటే తీసేయాల్సినవి 18 రకాలని లెక్క కట్టారు. పేరు, ఫోను, ముఖం ఫొటో, వేలిముద్ర అంటే ఎవరికైనా తడతాయి. అడ్మిషన్ తేదీ, బండి నంబరు, శరీరంలో పెట్టిన పరికరం సీరియల్ నంబరు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 89 ఏళ్లు దాటినవాళ్ల వయసు ఉన్నదున్నట్టు రాయకూడదు, ‘90, ఆపైన’ అనాలి, ఎందుకంటే ఆ వయసువాళ్లు ఒకచోట ఎంతమంది ఉంటారు గనక! అదే లెక్కన అరుదైన జబ్బు కూడా మనిషిని పట్టిస్తుంది. ‘నిన్న రాత్రి వచ్చిన కేసు, ఇలాంటిది నా సర్వీసులో చూడలేదు’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆస్పత్రి మొత్తానికి పేషెంటు ఎవరో తెలిసిపోతుంది.

మీ ఆస్పత్రి సొంత మెసేజింగ్ యాప్ ఇచ్చుంటే, ఎంత మొండిగా పనిచేసినా సరే, అదే వాడండి. లేకపోతే గ్రూపులో ఆటో డౌన్‌లోడ్ ఆపించండి, మెసేజీలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు పెట్టండి, పోస్టింగు మారిన రోజునే మనిషిని తీసేసే పని ఒకరికి అప్పగించండి. సలహా రాగానే దాన్ని కేస్ షీటులో రాయండి, ఇది మాత్రం అస్సలు మరవకండి. వాట్సాప్‌లో వచ్చిన సలహా వాట్సాప్‌లోనే ఉండిపోతే తెల్లారి డ్యూటీకొచ్చిన డాక్టరుకి అది లేనట్టే. పాఠం చెప్పడానికో, కాన్ఫరెన్సులో చూపించడానికో ఫొటో కావాలంటే ఆపరేషన్‌కి తీసుకున్న సంతకం చాలదు, దానికి వేరే అనుమతి తీసుకోవాలి.

ప్రశ్న: నేను రిసెప్షన్లో ఉంటాను. ‘మా అన్నయ్య మీ దగ్గర చేరాడట, ఎలా ఉన్నాడు’ అని ఫోన్లు వస్తుంటాయి. గొంతులో ఏడుపు వినపడుతుంటే కుదరదనడానికి నోరు రాదు. ఏం చెప్పాలి?

జవాబు: ఏడ్చేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది నిజంగా తమ్ముళ్లే. మిగిలిన ఒక్కరెవరో ఫోన్లో మీకు తెలిసే దారి లేదు. విడాకుల కేసు నడుస్తున్న భర్త కావచ్చు, అప్పు వసూలుకొచ్చినవాడు కావచ్చు, విలేకరి కావచ్చు.

2012 డిసెంబరులో లండన్‌లో జరిగింది గుర్తుందా? యువరాజు విలియం భార్య కేట్ గర్భంతో ఉండి, వాంతులతో కింగ్ ఎడ్వర్డ్ సెవెంత్స్ ఆస్పత్రిలో చేరారు. ఆస్ట్రేలియా రేడియో వాళ్లిద్దరు రాణిలా, యువరాజు చార్లెస్‌లా గొంతులు మార్చి ఫోన్ చేశారు. తెల్లవారుజాము కావడంతో రిసెప్షన్లో ఎవరూ లేరు, ఒక నర్సు ఫోన్ తీసి వార్డుకి కలిపారు. వార్డులో నర్సు పేషెంటు ఎలా ఉందో చెప్పేశారు. అదంతా రేడియోలో ప్రసారమైంది. ఫోన్ కలిపిన నర్సు కొద్ది రోజులకే ప్రాణం తీసుకున్నారు, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మోసం చేసింది బయటివాళ్లు, భారం మోసింది ఆస్పత్రి నర్సులు. అందుకే ఈ విషయంలో తప్పంతా ఫోన్ ఎత్తినమ్మాయిదే అంటే నేను ఒప్పుకోను. ఏం చెప్పాలో ముందే రాసివ్వని మేనేజ్‌మెంట్‌ది కూడా.

మీ వాళ్లు రాసివ్వకపోతే నేనిస్తాను, కౌంటర్లో అతికించుకోండి. ‘అర్థమైందండీ, కంగారు పడకండి. ఫోన్లో వివరాలు చెప్పే పద్ధతి మాకు లేదు. మీ పేరు, నంబరు చెప్పండి, వార్డుకి అందిస్తాను. ఫలానావాళ్లు ఇక్కడుంటే వాళ్లకి తెలియజేస్తారు.’ ఇందులో ‘ఉన్నారు’ అని గానీ ‘లేరు’ అని గానీ మీరు అనలేదు, గమనించారా? కొన్ని వార్డులకి ఈ జాగ్రత్త మరీ అవసరం. తాగుడు, మత్తు మాన్పించే డీ-అడిక్షన్ వార్డులో ఉన్నారని చెప్పడమంటే జబ్బేమిటో చెప్పేయడమే. వార్డువాళ్లు తిరిగి ఫోన్ చేయాల్సింది కేస్ షీటులో పేషెంటు రాయించిన నంబరుకి, మీకు ఫోన్ చేసినవాళ్లు ఇచ్చిన నంబరుకి కాదు. అడ్మిషన్ రోజునే ‘ఎవరికి చెప్పొచ్చు’ అని పేషెంటునడిగి రాసుకుంటే సగం తలనొప్పి పోతుంది. పోలీసులమని ఎవరైనా ఫోన్ చేస్తే మర్యాదగా ‘రాతపూర్వకంగా ఇవ్వండి, ఆర్.ఎం.ఓ. (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారికి అందిస్తాను’ అనండి. నిజం పోలీసులు ఆ మాటకి ఏమీ అనుకోరు.

ప్రశ్న: మా మేనేజరు గోప్యత ట్రైనింగుకి వెళ్లొచ్చి, ఓపీలో పేషెంట్లని పేరు పెట్టి పిలవొద్దంటున్నారు. నంబరుతో పిలిస్తే పెద్దవాళ్లకి వినపడదు, గందరగోళం. నిజంగా అంత రూలుందా?

జవాబు: లేదు. హిప్పా అంత కఠినమైన నియమాల్లోనే వెయిటింగ్ హాల్లో పేరు పిలవొచ్చని, రిజిస్టరులో సంతకం పెట్టించుకోవచ్చని ఉంది. ఆ రిజిస్టరులో ‘ఎందుకొచ్చారు’ అనే గడి మాత్రం ఉండకూడదు. పేరు పిలవండి, ‘షుగర్ టెస్టుకొచ్చినవాళ్లు రండి’ అని పేరుతో కలిపి అరవకండి. మీ మేనేజరుకి నా నమస్కారాలు, ఆ ఉత్సాహం బిల్లింగ్ కౌంటర్ దగ్గర చూపించమనండి. అక్కడ ‘ఏం ఆపరేషనూ?’ అని గాజు అద్దం అవతలనుంచి అరుస్తుంటే వెనక లైనంతా వింటుంది.

ప్రశ్న: మా ఆస్పత్రిలో పేషెంటే వచ్చి తన కేస్ షీటు కాపీ అడిగితే ‘గోప్యత’ అని చెప్పి తిప్పి పంపుతున్నారు. ఇది సబబేనా?

జవాబు: ఇది చదివితే నాకు ఒళ్లు మండింది. ఎవరి నుంచి గోప్యత? అతని జబ్బు అతనికే తెలియకుండానా? మన దేశంలో డాక్టర్లకి 2002లో పెట్టిన మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం పేషెంటో, అతను అధికారమిచ్చిన మనిషో అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. గుర్తింపు కార్డు చూసి, సంతకం తీసుకుని, ఇచ్చినట్టు రిజిస్టరులో రాసి, ఇవ్వండి.

ప్రశ్న: నేను ఒక కంపెనీలో హెచ్.ఆర్.లో ఉన్నాను. ఒక ఉద్యోగి మెడికల్ లీవు పెట్టి సర్టిఫికెట్ ఇచ్చారు, అందులో జబ్బు పేరుంది. వాళ్ల మేనేజరు ‘నా టీమ్‌లో మనిషికేమైందో నాకు తెలియక్కర్లేదా, మానవత్వంతోనే అడుగుతున్నా’ అంటున్నారు. చెప్పాలా?

జవాబు: చెప్పకూడదు. మేనేజరుకి కావలసింది, ఆ మనిషి ఎప్పుడొస్తాడు, వచ్చాక ఏ పని చేయగలడు, ఏది చేయలేడు, అంతే. ‘ఫలానా తేదీ నుంచి డ్యూటీకొస్తారు, నెల్లాళ్లు బరువులెత్తకూడదు, నైట్ షిఫ్టు వేయొద్దు’ అని మెయిల్ పెట్టండి. నడుమా, హెర్నియానా, ఇంకోటా అన్నది ఆయనకి అనవసరం. మానవత్వం ఉంటే ఆ ఉద్యోగికే ఫోన్ చేసి ‘ఏమైనా సాయం కావాలా’ అంటారు, హెచ్.ఆర్. అమ్మాయిని పక్కకి పిలవరు.

ఆ సర్టిఫికెట్‌ని సర్వీసు ఫైల్లో మాత్రం పెట్టొద్దు. ఆ ఫైలు ప్రమోషన్లప్పుడు తిరుగుతుంది, ఆడిటర్లు తిరగేస్తారు, మీ తర్వాత వచ్చే హెచ్.ఆర్. చదువుతారు. ఆరోగ్యానికి సంబంధించిన కాగితాలకి వేరే ఫైలు, వేరే తాళం ఉండాలి. అమెరికాలో దివ్యాంగుల హక్కుల చట్టం 1990 నుంచీ ఇదే మాట చెబుతోంది. చాలామంది హిప్పా అన్నిటికీ వర్తిస్తుందనుకుంటారు. అది ఆస్పత్రులకీ, ఇన్సూరెన్సు వాళ్లకీ, వాళ్ల పని చేసిపెట్టే సంస్థలకీ. యజమాని దగ్గరున్న లీవు కాగితాల జోలికి రాదు. మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మీలాంటి కంపెనీలకీ వర్తిస్తుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా. సమాచారానికి తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయొచ్చు. హెచ్‌ఐవీ విషయం ఇంకా గట్టిది. 2017లో చేసి 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఉద్యోగం ఇవ్వడానికి ఆ పరీక్ష షరతుగా పెట్టకూడదు, ఉద్యోగం తీసేయడానికి దాన్ని సాకు చేసుకోకూడదు.

గ్రూపు ఇన్సూరెన్సు క్లెయిముల సంగతి మీరడగలేదు గానీ, అసలు గండం అక్కడుంది. డిశ్చార్జి సమ్మరీలు హెచ్.ఆర్. మెయిల్‌కి పంపి, అక్కణ్నుంచి టీపీఏకి (ఇన్సూరెన్సు కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకి) వెళ్లే ఏర్పాటు మీ దగ్గర కూడా ఉంటే ఇవాళే మార్పించండి. ఉద్యోగే నేరుగా టీపీఏ పోర్టల్లో పెట్టుకోవాలి. మీ ఇన్‌బాక్సులోకి రాని కాగితం మీ దగ్గర్నుంచి పొక్కదు.

ప్రశ్న: నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. కొంతకాలంగా మానసికంగా బాగోలేదు, సైకియాట్రిస్టుని కలవాలి. మా ఆస్పత్రిలో ఉద్యోగులకి ఉచితం. కానీ అందరికీ తెలిసిపోతుందని భయం. ఏం చేయను?

జవాబు: ముందు డాక్టరుని కలవడం మాత్రం వాయిదా వేయకండి. మీ భయం ఉత్తది కాదు. కన్సల్టేషన్ గదిలో మాట బయటికి పోదు, నిజమే. కానీ అపాయింట్‌మెంటు స్లిప్పు, బిల్లు, ఫార్మసీ కౌంటరు ఉన్నాయి కదా. మందుల చీటీ చూస్తే ఫార్మసిస్టుకి జబ్బేమిటో ఇట్టే అర్థమవుతుంది. రక్తపరీక్ష రాస్తే శాంపిల్ మీ బెంచీ పక్కకే వస్తుంది.

రెండు దారులున్నాయి. డబ్బు కాస్త ఖర్చైనా బయట చూపించుకోవడం ఒకటి. నన్నడిగితే మీ పరిస్థితిలో అదే మేలు, మనసు కుదుటపడేదాకా ఇంకో బెంగ ఎందుకు? అది వీల్లేకపోతే, మీ ఆస్పత్రిలోనే డాక్టరుకి మొదటి రోజే చెప్పండి. ఫైలుని ‘రిస్ట్రిక్టెడ్’ చేయమని, శాంపిల్ మీద పేరు బదులు కోడ్ వేసి బయటి ల్యాబ్‌కి పంపమని అడగండి. మంచి సిస్టంలో అలాంటి ఫైలు తెరవబోతే ‘ఎందుకు తెరుస్తున్నారు’ అని కారణం అడుగుతుంది. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. ‘నా ఫైలు ఎవరెవరు తెరిచారో చూపించండి’ అని నెల తర్వాత రాతపూర్వకంగా అడగండి. అడిగారన్న సంగతి తెలిస్తేనే చాలు, కుతూహలం చల్లారుతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ మీ చికిత్స వివరాలకి గోప్యత హక్కు ఇస్తోంది. మీ తోటి ఉద్యోగులు అందుకు మినహాయింపు కాదు. ఎవరైనా ‘ఏంటి, సైకియాట్రీ ఓపీ దగ్గర కనిపించావట’ అంటే వివరణ ఇచ్చుకోవాల్సిన పని మీకు లేదు.

ప్రశ్న: మాది చిన్న క్లినిక్. మా రికార్డులతో హ్యాకర్లకి ఏం పని? ఇంత హడావుడి మాకూ అవసరమా?

జవాబు: ఫిన్లాండ్‌లో ‘వస్తామో’ (Vastaamo) అనే పేరుతో ఒక సైకోథెరపీ సంస్థ, అంటే మాటలతో మనసుకి చికిత్స చేసే సంస్థ, ఉండేది. వాళ్ల డేటాబేస్‌కి సరైన రక్షణ లేక పేషెంట్లు థెరపిస్టుకి చెప్పుకున్న మాటలతో సహా దొంగల పాలైంది. 2020లో దొంగ ముందు సంస్థని డబ్బడిగాడు, ఇవ్వలేదని పేషెంట్లకే నేరుగా మెయిళ్లు పెట్టాడు, ‘కట్టకపోతే నీ మాటలు బయటపెడతా’ అని. సంస్థ దివాలా తీసింది. దొంగ దొరికి 2024లో శిక్ష పడింది గానీ, బయటికెళ్లిన మాటలు వెనక్కి రాలేదు. ఇక్కడ, 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే అంతటి ఆస్పత్రీ రోజుల తరబడి మళ్లీ కాగితం, పెన్నూ పట్టుకుంది. మీ క్లినిక్‌లో నాకు కనిపించే దొంగ మాత్రం ఇంకా చిన్నవాడు. మానిటర్ అంచుకి పాస్‌వర్డ్ రాసి అతికించిన పసుపు చీటీ. ఈ సంచిక మూసేసి వెళ్లి అది పీకేయండి.

ప్రశ్న: ల్యాబ్ రిపోర్టు ఒకటి వేరే నంబరుకి వెళ్లిపోయింది, ఒక్క అంకె తేడా. అవతలివాళ్లు చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. సూపర్‌వైజరుకి చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయం. డిలీట్ చేసి ఊరుకున్నా ఫర్వాలేదా?

జవాబు: ఊరుకోవద్దు. డిలీట్ చేయడం మంచిదే, కానీ నీలం టిక్కులు పడ్డాక అది సగం పనే. ఆ నంబరుకి మర్యాదగా ఒక మెసేజీ పెట్టండి, ‘పొరపాటున మీకొచ్చింది, దయచేసి చెరిపేయండి, ఎవరికీ పంపకండి’ అని. ఆ మెసేజీలో పేషెంటు పేరు మళ్లీ రాయకండి, రాసినవాళ్లని చూశాను! ఆపైన సూపర్‌వైజరుకి ఇవాళే, రాతలో చెప్పండి. ఏ రిపోర్టు, ఎన్ని గంటలకు, ఏ నంబరుకి, మీరేం చేశారు, అంతవరకే. సంజాయిషీలొద్దు.

పేషెంటుకి కూడా చెప్పాలి. ఇది సంస్థ చేయాల్సిన పని, మీ ఒక్కరిదీ కాదు. మన కొత్త చట్టం సమాచారం పొక్కితే ఆ మనిషికీ, డేటా ప్రొటెక్షన్ బోర్డుకీ తెలపాలంటోంది. అమెరికాలో గడువు గరిష్ఠంగా 60 రోజులు, ఒకే రాష్ట్రంలో 500 మందికి మించి ఉంటే పత్రికలకీ, టీవీలకీ చెప్పాలి. దాచిపెట్టి, ఆర్నెల్ల తర్వాత పేషెంటు చుట్టం ద్వారా బయటపడితే అప్పుడు ఉద్యోగం గురించి నిజంగా భయపడాలి.

తప్పు జరిగింది మీ వేలి దగ్గర కాదు, నంబరు చేత్తో కొట్టాల్సిన పద్ధతి దగ్గర. రిజిస్ట్రేషన్లోనే నంబరు పేషెంటుకి తిరిగి చదివి వినిపించాలి, రిపోర్టు అక్కణ్నుంచే వెళ్లాలి. ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టినా, అదే మెసేజీలో ‘పాస్‌వర్డ్ మీ పుట్టినతేదీ’ అని రాసి, ఫైలు పేరులోనే పుట్టినతేదీ పెట్టే ల్యాబులున్నాయి. మీది అందులో ఒకటి కాదు కదా?

ప్రశ్న: ఇంటి నుంచి మెడికల్ కోడింగ్ (పేషెంట్ల చార్టులు చదివి జబ్బులకీ చికిత్సలకీ కోడ్‌లు వేసే పని) చేస్తాను. గది ఒక్కటే, ఇంట్లోవాళ్లు అటూ ఇటూ తిరుగుతుంటారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: స్క్రీను గదిలోకి కనిపించకుండా, మీ వీపు గోడకి ఆనేలా కూర్చోండి. లేచిన ప్రతిసారీ లాక్ చేయండి, ఫోన్ మోగినా సరే. కంపెనీ ల్యాప్‌టాప్ ఇంట్లో ఎవరికీ ఇవ్వొద్దు, పిల్లల ఆన్‌లైన్ క్లాసుకైనా. అనుమానం తీర్చుకోడానికి చార్టులో ముక్క కాపీ చేసి చాట్‌బాట్‌లో పెట్టి అడగడం ఈమధ్య మొదలైందని విన్నాను. అది బయటి మనిషికి చూపించడం కిందే లెక్క.

ప్రశ్న: పాత రిపోర్టుల వెనకవైపు తెల్లగా ఉంటుంది. కాగితం వృథా ఎందుకని మా వార్డులో రఫ్ పనికి వాడతాం. ఫర్వాలేదా?

జవాబు: మీ పొదుపు మెచ్చుకోవాలి గానీ, వద్దు. ష్రెడ్డర్‌లో వేయండి.

ప్రశ్న: మావారు డాక్టరు. మా దగ్గర బంధువు ఒకావిడ ఆయన దగ్గరే చూపించుకుంటున్నారు. అందరూ నాకు ఫోన్ చేసి ‘ఎలా ఉందట’ అని అడుగుతారు. ఆయన్నడిగితే ‘ఆవిడనే అడుగు’ అంటారు. పెళ్లాంతో కూడా చెప్పకూడని రహస్యాలా? చాలా చిన్నతనంగా ఉంది.

జవాబు: మీ చిన్నతనం నాకర్థమైంది. ఆయన మిమ్మల్ని పరాయిదాన్ని చేశారనిపిస్తోంది. అలా కాదు. ఆయన నోరు విప్పిన మరుక్షణం నుంచి ఆ బంధువుల ఫోన్లన్నిటికీ మీరు అబద్ధమైనా చెప్పాలి, నిజమైనా చెప్పాలి. ఇప్పుడైతే ‘నాకు తెలీదు వదినా’ అని గుండె మీద చెయ్యేసుకుని అనొచ్చు. పైగా రేపు మీకే ఏదైనా వచ్చి ఆయన స్నేహితుడి దగ్గర చూపించుకుంటే, ఆ స్నేహితుడి భార్య నోటి వెంట మీ సంగతి వినాలనుంటుందా? ఈసారి ఎవరైనా ఫోన్ చేస్తే ఆవిడ నంబరు ఇచ్చి ఆవిడకే చేయమనండి. మీరు కూడా ఒకసారి చేయండి. జబ్బు సంగతి అడక్కండి, ఊరికే మాట్లాడండి.